నిలిచియున్న బండి, నడువవలసిన దారి

యంత్రములు వాడుకచేత అరుగునని అందరకును తెలియును; వాడకుండుటచేత అంతకంటె అధికముగ చెడునను సంగతి మాత్రము, ఏండ్లతరబడి ఒకచోట నిలిచిపోయిన బండిని మరల నడిపింప బూనినవానికి గాని సంపూర్ణముగ బోధపడదు. నడుచుచున్న బండిలో నూనె కీలుకీలునకును చేరుచుండును. బ్యాటరీలోని విద్యుత్తు వ్యయమగుచు మరల నిండుచుండును. నేడు పోసిన పెట్రోలు రేపటికి దగ్ధమై పోవును. నిలిచిన బండిలో ఈ ప్రవాహములన్నియు ఆగిపోవుటతో, గాలి, నీరు, ఎండ, శైత్యము, శిలీంధ్రములు అను ప్రకృతిశక్తులు అడ్డు లేక తమ పని తాము చేసికొనుచుండును. ఆ పని యెట్టిదో ఒక నిర్దిష్టమైన వస్తువును పట్టుకొని పరిశీలించుటయే ఈ అధ్యాయమునకు ఉద్దేశము. ఆ వస్తువు, అమెరికాలో అర్ధశతాబ్దికి పూర్వము తయారైన ఇంటిబండి.

మన ప్రాంతమున సినిమా చిత్రీకరణ జరుగుచోట నటీనటుల విశ్రాంతికై నిలిపియుంచు క్యారవానును చూచినవారికి దీని స్వరూపము కొంత ఊహకందును. అమెరికావారు దీనిని ఆర్.వి. యని పిలుతురు. డ్రైవరు సీటునకు వెనుకనే పొయ్యి, రిఫ్రిజిరేటరు, నీటితొట్టి, స్నానపుగది, పగలు బల్లలై రాత్రి మంచములగు సోఫాలు, ఇవన్నియు ఇరువది యిరువదైదు అడుగుల పొడవున ఇమిడియుండును. అయోవా రాష్ట్రపు ఉత్తరపు అంచున ఫారెస్ట్ సిటీ యను చిన్న పట్టణము కలదు. ఆ యూరి వర్తకుడైన జాన్ కె. హాన్సన్ చొరవతో 1958లో అచ్చట ట్రైలర్ల కర్మాగారమొకటి వెలసి, పిమ్మట విన్నెబేగో యను పేరు వహించి, 1966 నుండి మోటారు ఇంటిబండ్లను పెద్దయెత్తున తయారుచేయ సాగినది. అంతవరకు సంపన్నులకే అందుబాటులోనున్న ఈ సౌకర్యము, వాటి వెల తక్కువగుటచే, సామాన్య కుటుంబముల చేతికి వచ్చెను. ఆనాటి బండ్లు నేటికిని పల్లెలలో కొట్టముల ప్రక్కను, పెరళ్ళలోను నిలిచి కనబడుచుండును.

అట్టి బండి యొకటి, డాడ్జి చట్రముపై 318 ఘనపుటంగుళముల, అనగా 5.2 లీటర్ల, ఎనిమిది సిలిండర్ల ఇంజను కలది, అయోవాలోని ఏదో యొక పొలమున పది శీతకాలములు కదలక నిలిచియున్నదని అనుకొందము. దానిని కొనిన కుటుంబము, బాగుచేయించుకొని, వేసవి సెలవులలో దక్షిణ డకోటా, వయోమింగు రాష్ట్రముల మీదుగా యెల్లోస్టోన్ జాతీయోద్యానమునకు పోవలెనని సంకల్పించినది.

కొనినవారు సాధారణముగ మొదట ఇంజను మూత తెరతురు. మొదట చూడవలసినది పైకప్పని నా దృఢాభిప్రాయము. ఇంజను చెడిన మరియొక ఇంజను దొరకును. కప్పు కారి గోడలును నేలయు కుళ్ళిన బండికి ఇనుపచట్రము తప్ప మిగులునది లేదు. ఆ కాలపు విన్నెబేగో గోడ మూడు పొరల నిర్మాణము. వెలుపల పలుచని అల్యూమినియము రేకు, నడుమ పాలిస్టైరీను నురుగుదిమ్మ, లోపల పలుచని ప్లైవుడ్డు, ఈ మూడును జిగురుతో ఏకముగ అతుకబడియుండును. వీనిలో ఏ పొరకు ఆ పొర బలహీనమైనదే యైనను, రెండు అంచుపొరలను నడిమి దిమ్మ ఎడముగ నిలిపి పట్టుకొనుటచే గోడ వంగుటకు ప్రయత్నించినపుడు ఒక పొర సాగవలసియు, రెండవది నొక్కుకొనవలసియు వచ్చును. అందుచేత తేలికయైన ఆ గోడకు తన బరువునకు మించిన దార్ఢ్యము లభించును. ఆ దార్ఢ్యమంతయు జిగురు పట్టుపై ఆధారపడియున్నది. జిగురులోనికి నీరు చేరి పొరలు విడిపోయిన చోట రేకు బయటికి ఉబ్బి, అరచేతితో నొక్కిన లోనికి పోయి, చేయి తీసిన మరల పైకి వచ్చును. పాతబండి బేరమాడబోవువారు చుట్టును తిరిగి గోడను ఇట్లు అరచేత తడవి చూచుట ఎంతయు మంచిది.

నీరు లోనికి చేరుట కెవరి అశ్రద్ధయు అక్కరలేదు; వేడిచే వస్తువులు వ్యాకోచించుట యొక్కటే చాలును. అయోవాలో మాఘమాసపు రాత్రి ఉష్ణోగ్రత సున్నకు దిగువ 30 డిగ్రీల సెంటిగ్రేడు వరకును పడిపోవచ్చును. ఆషాఢపు మిట్టమధ్యాహ్నమున ఎండలోనున్న రేకు 60 డిగ్రీలకు కాగవచ్చును. ఈ 90 డిగ్రీల తేడాకు 20 అడుగుల అల్యూమినియము రేకు రమారమి అర అంగుళము సాగును. దాని క్రిందనున్న కొయ్య, పీచు పొడవున, అందులో అయిదవ వంతైనను సాగదు. ప్రతి దినమును కొంచెము కొంచెముగను, ప్రతి సంవత్సరమును సంపూర్ణముగను ఈ రెండును ఒకదానిపై నొకటి జరుగుచుండగా, అతుకులలోని సీలెంటు ఆ రాపిడి కోర్చుకొనవలెను. క్రొత్తదైనపుడు ఓర్చుకొనును. ఎండలోని అతినీలలోహిత కిరణములచే దాని అణుశృంఖలలు తెగి గట్టిపడిన పిదప సాగలేక చిట్లును. వెంట్రుకవాసి చీలిక చాలును. కేశనాళికాకర్షణచే నీరు దానిలోనికి తనంతట తాను లాగబడును. వర్షము వెలసినను ఆ నీరు తిరిగి బయటకు రాదు. కొయ్యదూలముల వెంబడి ప్రాకి, ప్రవేశించిన చోటికి ఆరడుగుల దూరమున, ఏ అలమర మూలనో గోధుమవన్నె మరకగ బయటపడును. మరక యున్నచోట సీలెంటు పూసి, పని ముగిసినదని తలచువారు పలువురు.

కొయ్య కుళ్ళుట రసాయనక్రియ మాత్రమే కాదు, జీవక్రియ. కొయ్యలోని తేమ, ఆరిన కొయ్య బరువులో 20 శాతమునకు లోబడియున్నంత కాలము శిలీంధ్రములు దానిని తాకజాలవు. 30 శాతము ప్రాంతమునకు చేరినపుడు కణకుడ్యములు నీటితో సంతృప్తములై, శిలీంధ్రతంతువులు ప్రబలుట కనువైన స్థితి యేర్పడును. ఇవి సెల్యులోజును జీర్ణించుకొని, లిగ్నిను అను గోధుమవన్నె పదార్థమును విడిచివేయును. స్క్రూడ్రైవరు మొనతో నేలపలకను మూలమూలనా పొడిచి చూచిన ఈ భేదము చేతికే తెలియును. ఆరోగ్యముగనున్న కొయ్యపై మొన టక్కున ఆగును. కుళ్ళినచోట చప్పుడు లేక రెండంగుళములు దిగిపోయి, బయటికి తీసినపుడు చెమ్మగిలిన గోధుమపొడి దాని కంటియుండును, పుట్టగొడుగుల వాసన గుప్పుమనును. చక్రముల పైభాగమునను, తలుపు గడప క్రిందను, స్నానపుగది ప్రక్కను ఇట్టి చోట్లు తరచుగ దొరకును. అట్టిచోట నల్లబడిన కొయ్యనే కాక, దానిని దాటి మొన టక్కున ఆగు మేర వరకును కోసివేసి, మిగిలినదానిని వారముల తరబడి ఆరబెట్టి, ఆ తరువాతనే క్రొత్త పలకను అతుకవలెను. తొందరపడి తడికొయ్యపై ప్లైవుడ్డు పరచిన, లోపలి తంతువులకు క్రొత్త ఆహారము పెట్టినట్లే యగును.

రేకులోని మేకులను గూర్చి రెండు మాటలు. అల్యూమినియము రేకులో ఇనుప మరమేకు దిగి, రెంటి నడుమ వాననీరు నిలిచిన, అదియే యొక చిన్న విద్యుద్ఘటమగును. ఆ ఘటములో క్షయించునది అల్యూమినియము. మేకు తల చుట్టును తెల్లని పొడి పేరుకొనియుండుట దీనికి నిదర్శనము. ఆ మేకులను తీసి, రంధ్రములను శుభ్రపరచి, ఎన్నడును గట్టిపడని బ్యూటైలు పట్టీని అంచుల క్రింద పరచి మరల బిగించుట, ఒక మనిషికి ఎండలో కప్పుమీద మోకాళ్ళపై కూర్చుండి అనేక దినములు చేయవలసిన పని. బండి బాగుచేయుటలో ఇంతకంటె విసుగు పుట్టించు పనియు లేదు, ఇంతకంటె ఫలవంతమగు పనియు లేదు.

ఇక టైరులు. నిలిచిన బండి టైరుల గాళ్ళు లోతుగ, నిగనిగలాడుచు క్రొత్తవానివలె నుండుటచే కొనువారు మోసపోవుదురు. రబ్బరునకు గాలిలోని ఓజోను శత్రువు. అది రబ్బరు అణువులలోని జంటబంధములను తెగగొట్టి నెరియలు పుట్టించును. దీనికి ప్రతిగ తయారీదారులు రబ్బరులో ఒక విధమైన మైనమును, ఓజోను నిరోధకములను కలుపుదురు. టైరు దొర్లుచు, మాటిమాటికి నలుగుచున్నపుడు ఆ మైనము లోపలినుండి ఉపరితలమునకు వచ్చి రక్షకపొరయై నిలుచును. టైరు కదలనిచో ఆ పొర సరిగ నవీకరింపబడదు. ఇదికాక లోపలి గాలియందలి ఆక్సిజను మెల్లగ రబ్బరులోనికి వ్యాపించి, ఉక్కుతీగల పట్టీలను అంటిపెట్టుకొనియున్న రబ్బరును పెళుసు చేయును. ఇది కంటికి కనబడదు. ఎండలో, బరువుతో, వేగముగ పోవునపుడు పైపొర ఒక్కసారిగ ఊడి వచ్చినపుడే తెలియును. అందుచేత అమెరికాలో అమ్ముడగు ప్రతి టైరు ప్రక్కభాగమున డి.ఓ.టి. అను అక్షరములతో మొదలగు సంఖ్య ముద్రింపబడును. 2000వ సంవత్సరము నుండి దాని చివరి నాలుగంకెలలో మొదటి రెండు తయారైన వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెలుపును. 2311 అని యున్న, అది 2011లో ఇరువదిమూడవ వారమున పుట్టినదని యర్థము. అట్టి టైరులను, గాళ్ళు ఎంత లోతుగ నున్నను, తీసివేయవలసినదే.

బ్రేకు ద్రవము గాలిలోని తేమను ఆకర్షించు స్వభావము కలది. డి.ఓ.టి. 3 అను తరగతి ద్రవము క్రొత్తగనున్నపుడు కనీసము 205 డిగ్రీల సెంటిగ్రేడు వద్దగాని మరుగరాదని ప్రమాణము. నూటికి నాలుగు పాళ్ళకు కొంచెము తక్కువగ నీరు చేరిన పిదప ఆ కనీసము 140 డిగ్రీలకు దిగిపోవును. సమతల భూమిపై ఊరిలో తిరుగునపుడు ఈ తేడా తెలియదు. కొండ దిగునపుడు ఏమగునో ముందు చూతము. ఆ నీరే చక్రముల వద్దనున్న బ్రేకు సిలిండర్ల గోడలకు త్రుప్పు పట్టించి, పిస్టనులను బిగియబట్టును. కనుక పాత ద్రవమును పూర్తిగ వెడలించి, సిలిండర్లను విప్పి చూచి, రబ్బరు గొట్టములను మార్చిన తరువాతనే బండిని పెరటి గేటు దాటింపవలెను.

ఇంధనము విషయమున ఈ బండ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. పెట్రోలు అనేక హైడ్రోకార్బనుల మిశ్రమము. అందులో తేలికయైనవి మొదట ఆవిరియై పోవును, మిగిలినవానిలో కొన్ని గాలితో కలిసి బంకగ మారి, కార్బ్యురేటరులోని సూదిమొన వంటి రంధ్రములను మూసివేయును. పదియేండ్ల పెట్రోలు వాసనయే వేరు. వార్నీషు డబ్బా తెరచినట్లుండును. ఇంతేకాక, అమెరికాలో నేడు సాధారణముగ అమ్ము పెట్రోలులో పదింట ఒక వంతు ఇథనోలు కలిసియుండును. అర్ధశతాబ్దికి పూర్వపు రబ్బరు గొట్టములు ఇథనోలును దృష్టిలో నుంచుకొని చేసినవి కావు. అవి ఉబ్బి, మెత్తబడి, చిట్లును. ఈ డాడ్జి బండిలో ఇంజను డ్రైవరునకును ప్రక్క ప్రయాణికునకును నడుమ, ఒక మూత క్రింద, ఇంటి లోపలనే యున్నదని గుర్తుంచుకొన్నచో, ఒక్క గొట్టము కారుట ఎంతటి ప్రమాదమో వేరుగ చెప్పనక్కరలేదు. గొట్టములన్నిటిని ఇంధన ప్రమాణమునకు తగిన క్రొత్తవానితో మార్చుటకు అగు వెల స్వల్పము.

ఇంజను ఇట్లు మూతక్రింద ఉడుకుచుండుటచే వేసవిలో మరియొక అవస్థ కలుగును. పాతపద్ధతి ఇంధనపు పంపు ఇంజనునకే అమర్చబడి, వెనుకనున్న తొట్టినుండి పెట్రోలును పీల్చును. పీల్చుటయనగా గొట్టములో ఒత్తిడిని తగ్గించుట. ఒత్తిడి తగ్గిన ద్రవము తక్కువ వేడికే మరుగును. ఆ విధముగ గొట్టములోనే పెట్రోలు ఆవిరియై, పంపునకు ద్రవము అందక, బండి నడిరోడ్డున ఆగిపోవును. గంటసేపు చల్లారనిచ్చిన మరల ఏమియు జరుగనట్లు బయలుదేరును. తొట్టి చెంతనే విద్యుత్పంపు నొకదానిని అమర్చి, పెట్రోలును పీల్చుటకు బదులు నెట్టునట్లు చేసిన, గొట్టములో ఒత్తిడి పెరిగి ఈ బాధ చాలవరకు తీరును. ప్రమాదమున ఇంజను ఆగిన వెంటనే ఆ పంపును నిలిపివేయు స్విచ్చును తప్పక అమర్చవలెను.

ఇంటిభాగమునకు వేరుగ నుండు బ్యాటరీని గూర్చి దీర్ఘముగ చెప్పను. ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్తోఁ ప్లాంతే 1859లో కనుగొనిన సీసపు బ్యాటరీ సిద్ధాంతమే నేటికిని దీనిలో పనిచేయుచున్నది. వ్యయమైన బ్యాటరీని అట్లే విడిచిన, పలకలపైనున్న సీసపు సల్ఫేటు మెత్తని రూపము విడిచి పెద్ద స్ఫటికములుగ గట్టిపడి మరల కరగదు. పదియేండ్లు నిలిచిన బ్యాటరీని బ్రతికింప ప్రయత్నించుట కాలహరణము.

గ్యాసు సంగతి అట్లు కాదు. మన వంటింటి సిలిండరులో బ్యూటేను, ప్రోపేనుల మిశ్రమముండగా, అమెరికా ఇంటిబండిలో దాదాపుగ ప్రోపేను ఒక్కటే యుండును. కారణము వాతావరణము. సాధారణపు ఒత్తిడిలో బ్యూటేను సున్న డిగ్రీల ప్రాంతమునకు దిగువ ఆవిరి కాజాలదు. ప్రోపేను సున్నకు దిగువ 42 డిగ్రీల వరకు ఆవిరి కాగలదు. ఈ వాయువు గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువైనదగుటచే, కారినది పైకి పోక, నేలమట్టమున పరుపుల క్రిందను అలమరల అడుగునను నిలుచును. దీనికి స్వతస్సిద్ధముగ వాసన లేదు. మనము గ్యాసువాసన యని చెప్పుకొనునది మెర్కాప్టాను అను గంధకసమ్మేళనమును కొద్దిగ కలుపుటచే వచ్చునది. గ్యాసునకు వాసన కలుపుటను చట్టము నిర్బంధించుటకు వెనుక మహావిషాదమొకటి కలదు. 1937 మార్చి 18న టెక్సాసు రాష్ట్రమున న్యూ లండన్ అను ఊరి పాఠశాలలో, వాసన లేని సహజవాయువు నేలమాళిగలో నిండి పేలగా, దాదాపు మూడువందలమంది బాలబాలికలును ఉపాధ్యాయులును మరణించిరి. ఆ పిల్లల మరణము వలన లోకమునకు లభించిన ఆ దుర్గంధము నేడు ప్రతి వంటింటిని కాపాడుచున్నది. ఇంటిబండిలో గ్యాసుగొట్టపు ప్రతి అతుకును సబ్బునీటితో తడిపి బుడగలు లేచునేమో చూచుటయు, పాత రెగ్యులేటరును మార్చుటయు, గ్యాసు సూచికను నేలమట్టమునను, కార్బన్ మోనాక్సైడు సూచికను మంచముల చెంతను అమర్చుటయు ఈ కారణముచే విధిగ చేయవలసిన పనులు.

ఈ గ్యాసుమంటతోనే రిఫ్రిజిరేటరు చల్లబడును. మంటచే చలువ పుట్టుట వినుటకు విరుద్ధముగ తోచును గాని, దీనివంటి సుందరమైన యంత్రము మరియొకటి లేదని నా నమ్మకము. 1922లో స్టాక్‌హోము నగరమున సాంకేతిక విద్యార్థులుగనున్న బాల్ట్‌సార్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ ముంటెర్స్ అను ఇద్దరు యువకులు దీనిని రూపొందించిరి. మూసిన గొట్టములలో నీరు, అమ్మోనియా, హైడ్రోజను అను మూడు పదార్థములుండును. అడుగున మంట తగులగా నీటిలో కరిగియున్న అమ్మోనియా ఆవిరియై పైకి పోయి, రెక్కల గొట్టములలో చల్లారి ద్రవమగును. ఆ ద్రవము హైడ్రోజను నిండిన గదిలోనికి జారును. అచ్చట మొత్తము ఒత్తిడిలో అధికభాగము హైడ్రోజనుదే యగుటచే, అమ్మోనియా తన పాలి ఒత్తిడి స్వల్పమైనందున, తక్కువ వేడిలోనే ఆవిరి కాగలుగును. ఆవిరి యగుటకు వలసిన ఉష్ణమును పెట్టెలోని పాలనుండియు పండ్లనుండియు గ్రహించును. పిమ్మట నీరు అమ్మోనియాను మరల తనలో కరిగించుకొనగా, నీటిలో కరుగని హైడ్రోజను విడివడి తన చోటికి పోవును. కదలు భాగమొక్కటియు లేదు. అంతయు గురుత్వాకర్షణచే జరుగును. కనుకనే బండి వాలుగ నిలిచినపుడు ద్రవము జారవలసిన దారిలో జారక ఒకచోట మడుగు కట్టును, అడుగున మంట మండుచునే యుండును, నీరు తరిగిన బాయిలరులో త్రుప్పు నివారణకై కలిపిన లవణము గట్టిపడి దారిని శాశ్వతముగ మూసివేయును. పాత రిఫ్రిజిరేటరు వెనుక పసుపువన్నె పొడియు, ముక్కులదరు అమ్మోనియా వాసనయు కనబడిన, గొట్టము చిల్లిపడినదని గ్రహించి దానిని వెలిగింపరాదు. మంట రానిచో దోషము చాలసార్లు అల్పమైనది: బర్నరు రంధ్రములో సాలీడు కట్టిన గూడు.

ఇన్నియు సరిచేసికొని జూన్ మాసమున బండి బయలుదేరినది. మిన్నెసోటా దక్షిణభాగమున 90వ నంబరు అంతర్రాష్ట్ర రహదారి నెక్కి పడమరగ పోవునపుడు, సూ ఫాల్స్ దాటిన పిదప, చూపు మేర గడ్డిమైదానములే. ఇచ్చట బండికి ఎదురగునది కొండ కాదు, గాలి. ఎదుటిభాగము నిటారుగ గోడవలెనున్న వాహనమును గాలి అడ్డగించు బలము వేగము వర్గముననుసరించియు, దానిని జయించుటకు వలయు శక్తి వేగము ఘనముననుసరించియు పెరుగును. గంటకు 55 మైళ్ళనుండి 65 మైళ్ళకు వేగము పెంచిన, గాలికై వ్యయమగు శక్తి ఒకటికి ఒకటిన్నర రెట్లకు మించును. ఈ బండ్లు గాలను పెట్రోలుకు ఏడెనిమిది మైళ్ళు పోవుటయే గొప్ప. పది మైళ్ళు తగ్గించి నడిపినవారు సాయంకాలమునకు ఒక గంట ఆలస్యముగ చేరుదురు గాని, ఇంజను వేడియు వారి ఖర్చును కూడ తగ్గును. మిస్సోరీ నదిని దాటి, బ్యాడ్‌ల్యాండ్స్ అను ఎండిన మట్టిశిఖరముల చెంత వాల్ అను చిన్న ఊరు వచ్చును. 1936 వేసవిలో ఆ యూరి మందులషాపువారు, ఎండలో వచ్చు బాటసారులకు మంచునీరు ఉచితముగ నిత్తుమని దారిలో బోర్డులు పాతిరి. ఆ బోర్డులకు జనమాగినది, ఆ అంగడి నేడొక పెద్ద విడిదియై యున్నది.

వయోమింగులో బఫెలో పట్టణము వద్ద అంతర్రాష్ట్ర రహదారిని విడిచి, 16వ నంబరు జాతీయ రహదారిపై బిగ్‌హార్న్ పర్వతముల నెక్కవలెను. సుమారు 4,600 అడుగుల ఎత్తున మొదలైన దారి పౌడర్ రివర్ కనుమ వద్ద 9,666 అడుగులకు చేరును. అచ్చట గాలి ఒత్తిడి సముద్రమట్టమున నుండుదానిలో నూటికి 70 వంతులు మాత్రమే. ఇంజను పీల్చు గాలి పలుచబడుటచే ప్రతి వేయి అడుగులకు సుమారు మూడు శాతము శక్తి తగ్గుచు, కనుమ చేరునప్పటికి నాలుగింట ఒక వంతునకు పైగా నశించును. కార్బ్యురేటరు దీనిని సరిగ గుర్తింపలేదు. గాలి సాంద్రత తగ్గినంతగ అది పెట్రోలును తగ్గింపక, ఆ తగ్గుదల వర్గమూలము మేరకే తగ్గించును. కనుక మిశ్రమములో పెట్రోలు పాలు హెచ్చి, పొగగొట్టమునుండి నల్లని పొగయు, ఘాటైన వాసనయు వచ్చును. కొండప్రాంతముల మెకానిక్కులు ఈ కారణముచేతనే చిన్న రంధ్రముల జెట్లను బిగించుచుండెడివారు.

ఇదే సమయమున ఇంజను వేడి పరాకాష్ఠ నందును. పెట్రోలులోని శక్తిలో స్థూలముగ మూడవ వంతు చక్రములను చేరును, మూడవ వంతు పొగతో పోవును, మిగిలినది రేడియేటరు ద్వారా బయటికి పోవలెను. ఎక్కుడులో ఇంజను పూర్తి శ్రమలోనుండగా బండి వేగము తక్కువ, వీచు గాలి పలుచన. ఆ యెత్తున శుద్ధజలము 90 డిగ్రీలకే మరుగును. ఇంజను సహజముగ పనిచేయు వేడియు దాదాపు అంతియే. అయినను రేడియేటరు మరుగకుండుటకు కారణము దాని మూత. మన ప్రెషరు కుక్కరు మూతపై నుండు బరువు చేయు పనినే ఆ మూతలోని స్ప్రింగు చేయుచు, బయటి ఒత్తిడిపై సుమారు ఒక వాతావరణపు ఒత్తిడిని అదనముగ నిలిపియుంచును. దానిచే కనుమమీద సైతము నీరు 115 డిగ్రీల వరకు మరుగదు. సగము ఇథిలీన్ గ్లైకాలు కలిసియున్న ఆ హద్దు మరికొంత పెరుగును. మూతలోని రబ్బరు వలయము ఎండి పగిలియున్నచో ఈ రక్షణ యంతయు వ్యర్థము. సూచిక ముల్లు ఎఱ్ఱగీత వైపు జరుగునపుడు, బయట ఎండ కాయుచున్నను, బండి లోపలి హీటరును పూర్తిగ వేసి, కిటికీలు తెరచి నడుపుట అనుభవజ్ఞుల పద్ధతి. హీటరు రెండవ రేడియేటరుగ పనిచేయును. ప్రయాణికులకు చెమటలు పట్టును, ఇంజను నిలుచును.

ఎక్కుట కష్టము, దిగుట ప్రమాదము. కనుమనుండి టెన్ స్లీప్ లోయగుండ అదే పేరుగల ఊరికి దిగునప్పటికి ఎత్తు సుమారు 4,400 అడుగులు. నాలుగున్నర టన్నుల బండి 1,600 మీటర్లు దిగునపుడు విడుదలయగు శక్తి ఏడుకోట్ల జౌళ్ళు. ఆ శక్తి యంతయు వేడియైన, 225 లీటర్ల నీటిని 25 డిగ్రీలనుండి మరుగు స్థితికి తేగలదు. దీనిలో కొంత భాగమును గాలియు టైరులును హరించును. మిగిలినదంతయు బ్రేకులకే అప్పగించినచో, డ్రమ్ములు కాగి వ్యాకోచించి పట్టీలకు దూరముగ జరుగును, పట్టీల రాపిడిగుణము తగ్గును, ఆ వేడి సిలిండర్లకు పాకి, తేమ పట్టిన ద్రవము మరిగి బుడగలు పుట్టును. ద్రవము నొక్కిన నొక్కుకొనదు; ఆవిరి నొక్కుకొనును. అప్పుడు పెడలు చప్పుడు లేక నేలకు ఆనును, బండి ఆగదు. పెరటిలో విసుగుతో ద్రవము మార్చిన ఆ మధ్యాహ్నము విలువ ఈ మలుపుల వద్ద తెలియును. క్రింది గేరులో దిగినచో, పెట్రోలు మూసిన ఇంజను తనలోని శూన్యమునకును రాపిడికిని ఎదురుగ తిరుగుచు ఆ శక్తిని మ్రింగి రేడియేటరు ద్వారా బయటకు పంపును. ఏ గేరులో ఎక్కవలసి వచ్చునో ఆ గేరులోనే దిగవలెననునది లారీ డ్రైవర్ల పాతమాట. బ్రేకును అదేపనిగ తేలికగ నొక్కియుంచక, గట్టిగ నొక్కి వేగము తగ్గించి, పూర్తిగ విడిచి చల్లారనీయవలెను.

కోడీ పట్టణముమీదుగా తూర్పు ద్వారమున ఉద్యానములో ప్రవేశించి, 8,524 అడుగుల సిల్వన్ కనుమను దాటవలెను. 1872లో ఏర్పడిన ఈ యెల్లోస్టోన్ ప్రపంచమున మొట్టమొదటి జాతీయోద్యానముగ ప్రసిద్ధి గాంచినది. సరస్సు చెంత ఫిషింగ్ బ్రిడ్జి వద్దనున్న విడిదిలో గ్రిజ్లీ ఎలుగుబంట్ల సంచారము అధికమగుటచే, గుడారములకును గుడ్డగోడల ట్రైలర్లకును తావు లేదు. గట్టి గోడల బండ్లకే అనుమతి. చేరగానే నీటిబుడగ సాధనముతో బండిని సమతలము చేసి, చక్రముల క్రింద పలకలు వేసికొని, ఆ తరువాతనే రిఫ్రిజిరేటరును వెలిగింపవలెను. అమెరికాలోని తెలుగు కుటుంబములు కూడ వేసవి సెలవులలో ఇట్టి బండ్లను అద్దెకు తీసికొని ఈ ఉద్యానమునకు వచ్చుట కద్దు. ఆ సరస్సు గట్టున నీరు 93 డిగ్రీలకు లోపలనే మరుగుటచే తెరచిన గిన్నెలో కందిపప్పు ఎంతసేపటికిని మెత్తబడదు. ఇంటినుండి కుక్కరు తెచ్చుకొనినవారు అదృష్టవంతులు.

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అను ప్రసిద్ధమైన వేడినీటి చిమ్ముడుబుగ్గ ఈ మరుగుట విద్యకే మహోదాహరణము. భూగర్భమున, ఇరుకైన నాళపు అడుగున, పైనున్న నీటిస్తంభపు బరువుచే ఒత్తిడి అధికమై, నీరు ఉపరితలమున మరుగు వేడిని దాటి కాగియు మరుగక నిలిచియుండును. పైభాగమున కొంత నీరు ఆవిరిచే తొలగి పొర్లగానే స్తంభపు బరువు తగ్గును. ఒత్తిడి తగ్గిన మరుక్షణమున అడుగునున్న అతితప్తజలము ఆవిరిగ విస్ఫోటించి, నూరడుగులకు మించిన ఎత్తునకు నీటిని ఎగజిమ్మును. కాగిన ఇంజనుపై రేడియేటరు మూతను తొందరపడి విప్పినవాని ముఖముపై జరుగునదియు సరిగ ఇదియే. మూత విప్పుటకు ముందు పైగొట్టమును దళసరి గుడ్డతో పట్టి చూచి, అది చల్లబడి మెత్తబడువరకు వేచియుండవలెను.

సెప్టెంబరులో అయోవాకు తిరిగి వచ్చిన పిదప చలికాలపు సన్నాహము కొంత మిగిలియున్నది. నీరు గడ్డకట్టునపుడు తొమ్మిది శాతము పరిమాణము పెరిగి గొట్టములను పగులగొట్టును గనుక, తొట్టియు గొట్టములును ఖాళీ చేసి, గులాబివన్నె ప్రొపిలీన్ గ్లైకాలును పంపు ద్వారా నింపవలెను. ఇంజనులో వాడు ఇథిలీన్ గ్లైకాలు విషమగుటచే దానిని త్రాగునీటి గొట్టములలోనికి రానీయరాదు. పెట్రోలు తొట్టిని నిండుగ నింపి, చెడకుండ కాపాడు ద్రావణమును కలిపి, అది కార్బ్యురేటరు వరకు చేరునట్లు ఇంజనును కొంతసేపు నడుపవలెను. బ్యాటరీని పూర్తిగ నింపి ఇంటిలోనికి తెచ్చుకొనుట మేలు. నిండిన బ్యాటరీలోని ఆమ్లద్రావణము సున్నకు దిగువ 50 డిగ్రీలకును గడ్డకట్టదు, వ్యయమైన బ్యాటరీ సున్నకు దిగువ 10 డిగ్రీలకే గడ్డకట్టి పగులును.